డోర్నకల్ కెథెడ్రల్ సంఘం గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

ఎర్రమట్టి దారి | డిసెంబర్ 8

అందరికీ ప్రభువు నామమున వందనాలు. నేను డోర్నకల్‌లో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయ్యాక సికింద్రాబాద్‌లో స్థిరపడి, ఇక్కడి మా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడిలో సండే స్కూలు పెద్ద తరగతికి పాఠాలు చెబుతున్నాను. జనవరి మొదటి వారంలో మా పిల్లలు 30 మందిని రైల్లో డోర్నకల్ తీసుకువెళ్లి ఎపిఫనీ కెథెడ్రల్ (బిషప్పు పీఠం ఉండే పెద్ద గుడి) చూపించాలని మా పాస్టరేట్ కమిటీ తీర్మానించింది. గుడి నీడన కూర్చోబెట్టి వారికి ఇరవై నిమిషాలు చెప్పే పని నాకు అప్పగించారు.

నిన్న రాత్రి ఒక ప్రతి రాశాను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టడం, 1909లో మిషనరీగా డోర్నకల్ రావడం, 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు వంశానికి చెందిన) సంఘపు మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందడం, ఏళ్ల తరబడి కట్టిన ఈ దేవాలయాన్ని 1939 జనవరి 6న ఎపిఫనీ (క్రీస్తు ప్రత్యక్షత) పండుగ నాడు ప్రతిష్ఠించడం, 1945 జనవరి 1న ఆయన కన్నుమూయడం, అన్నీ వరసగా వచ్చాయి. కానీ తెల్లవారి మళ్లీ చదువుకుంటే, మా నాయనమ్మ నన్ను చేయి పట్టుకుని తీసుకువెళ్లిన సంఘం అందులో ఎక్కడా కనబడలేదు. ఆ సంఘం ఎలా బతికిందో, ఏం తిన్నదో, ఏం ఇచ్చుకున్నదో పిల్లలకు తెలియాలని నా కోరిక. మీలో చాలామంది ఆ ప్రాంతం వారే కనుక, మీ ఇంట్లో విన్నవి, మీరు కళ్లారా చూసినవి రాయమని అడుగుతున్నాను.

వైరా కాలువ | డిసెంబర్ 8

చాలా మంచి పని తలపెట్టారు అక్కా. కరువు కాలంలో పని కల్పించి, కూలికి బదులు తిండి పెట్టి గుడి కట్టించిన సంగతి తప్పకుండా చెప్పండి. పిల్లల మనసులో అది నాటుకుంటుంది.

పాత రిజిస్టరు | డిసెంబర్ 9

తమ్ముడు వైరా కాలువ గారు చెప్పినది మెదక్ కెథెడ్రల్ గురించి అందరూ చెప్పుకునే సంగతి. రెండూ ఇప్పుడు సీఎస్ఐ దేవాలయాలే కావడం వల్ల ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది కాబట్టి, తప్పు పట్టడానికి కాదు, పిల్లల ముందు సరిగా చెప్పడానికే రాస్తున్నాను. మెదక్‌ది వెస్లియన్ మెథడిస్టు మిషను. చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కట్టించగా 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. డోర్నకల్‌ది ఆంగ్లికన్ వంశం. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఏకమయ్యే దాకా ఆ రెండు మిషన్లూ వేర్వేరు ఇళ్లు.

నేను ఖమ్మంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. మా తాతగారు అజరయ్య గారి కాలంలో పల్లె ఉపదేశి, అంటే పల్లె సంఘానికి వాక్యం బోధించే పనివాడు. డోర్నకల్ మిషను మొదలైన తీరు పిల్లలకు తప్పక చెప్పవలసినది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు, అజరయ్య గారి చొరవతో, ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుకున్నారు. విదేశీ ధనం తీసుకోకుండా తమ సొంత కానుకలతోనే, తమ మనుషులతోనే నడపాలన్నది దాని నియమం. అంటే నిజాం రాజ్యంలోని మన తెలుగు పల్లెలకు సువార్త తెచ్చిన ఆ ఖర్చును తమిళ దేశపు కౌలు రైతులు, తాటిచెట్లెక్కే కుటుంబాలు, బడిపంతుళ్లు భరించారు. అజరయ్య గారు కూడా మన భాష ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నారు. బిషప్పు కాకముందు మానుకోట చుట్టుపక్కల ఊళ్లలో ఎడ్లబండి మీద తిరిగిన మనిషి ఆయన.

మొదట ఆయనకు అప్పగించినది చిన్న ప్రాంతమే. 1920లో కృష్ణా తీరపు సీఎంఎస్ సంఘాలను, ఎస్‌పీజీ సంఘాలను (ఈ రెండూ ఇంగ్లండు ఆంగ్లికన్ మిషనరీ సొసైటీలు) కూడా చేర్చడంతో డోర్నకల్ అధ్యక్ష మండలం, అంటే బిషప్పు పాలన కింది ప్రాంతం, చాలా పెద్దదైంది. 1841లో మచిలీపట్నంలో ఫాక్స్ గారు, నోబుల్ గారు మొదలుపెట్టిన సీఎంఎస్ తెలుగు మిషనుకు అప్పటికే ఎనభై ఏళ్ల వయసు. అంత పాత, చదువుకున్న కోస్తా సంఘాలకు ఈ చిన్న రైల్వే జంక్షను ఊరు కేంద్రమైందంటే అది సామాన్యమైన మార్పు కాదు.

కీర్తనల పెట్టె | డిసెంబర్ 9

మాస్టారికి వందనాలు. ఎర్రమట్టి దారి గారు ‘ఏం ఇచ్చుకున్నదో’ అని అడిగారు కనుక నేను పిడికెడు బియ్యం గురించి రాస్తాను. దీని గురించి రాయవలసి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే మా ఇంట్లో అది ఊపిరి పీల్చుకున్నంత సహజంగా ఉండేది.

మా అమ్మ పొద్దునా సాయంత్రం ఎసట్లో బియ్యం పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి వెనక గూట్లో ఉన్న చిన్న ముంతలో వేసేది. వేసేటప్పుడు కళ్లు మూసుకుని ఒక్క మాట ప్రార్థించేది. బియ్యం కొలిచి ఎసట్లో వేశాక మిగిలితే ఇవ్వడం కాదు, ముందే తీయడం. ఇంట్లో గింజలు తక్కువైన నెలలో పిడికిలి చిన్నదయ్యేది కానీ మానేది కాదు. ఆదివారం నాడు ఆ ముంతను కొంగులో ఒంపుకుని గుడికి తెచ్చి, బలిపీఠం మెట్టు దగ్గర పెట్టిన గంపలో పోసేవారు. డబ్బు కానుక మగవాళ్ల చేతుల మీదుగా వెళ్లేది, గంప మాత్రం ఆడవాళ్లదే. కూలికి వెళ్లి సాయంత్రం మానిక గింజలు తెచ్చుకునే మనిషికి కూడా సంఘాన్ని పోషించే హక్కు ఆ గంప వల్ల దక్కింది.

పెద్దయ్యాక ఒకసారి మా అమ్మ పిడికిలిని తూచి చూశాను. 40 గ్రాములు వచ్చింది. రోజుకు రెండుసార్లు, వారానికి 560 గ్రాములు. మా పల్లెలో 60 గడపలు ఇలా తీస్తే వారానికి 34 కిలోలకు దగ్గర. జీతం ఆలస్యమైన ఉపదేశి కుటుంబానికి అది ఎంత ఆదరువో మాస్టారికి తెలిసే ఉంటుంది.

అజరయ్య గారు ఇవ్వడం గురించి ఎంతో బోధించారు. పేదవాడు ఇవ్వలేడనుకోవడం వాడిని అవమానించడమేనన్నది ఆయన బోధలో నాకు అర్థమైన సారం. డబ్బు లేని ఊళ్లో ఆ బోధ నిలబడింది మాత్రం ఈ ముంత వల్లనే.

పాత రిజిస్టరు | డిసెంబర్ 9

అమ్మా, బాగా తెలుసు. మా నాన్నగారు ఆ బియ్యం తినే పెరిగారు.

రైల్వే క్వార్టర్స్ | డిసెంబర్ 10

మా నాన్న డోర్నకల్ జంక్షన్‌లో ఉద్యోగి. భద్రాచలం రోడ్డు వైపు చీలే లైను పక్కన మా క్వార్టరు. మేము సంఘ సభ్యులం కాము. అయినా క్రిస్మస్ రాత్రి గుడికి వెళ్లకుండా ఉన్న ఏడాది నాకు గుర్తులేదు. అందువల్ల బయటివాడిగా ఒక మాట చెప్పే చనువు తీసుకుంటున్నాను.

కట్టడాన్ని పూర్తిగా వదిలేయకండి. పిల్లలు మొదట చూసేది దాన్నే. గుమ్మటాలు, మీనార్లు చూసి మసీదా అంటారు. లోపలి రాతి స్తంభాల వరస చూసి మండపంలా ఉందంటారు. రెండూ నిజమే. ఇంగ్లండు ఊళ్లలో ఉండే కోసు గోపురాన్ని తెచ్చి మన ఎండలో నిలబెట్టకుండా, ఈ నేల మీద హిందువులు, ముస్లింలు దేవుడి కోసం ఎలా కట్టారో చూసి, ఆ పనితనాన్నే క్రీస్తు ఆరాధనకు తేవాలని అజరయ్య గారు అనుకున్నారు. మే నెలలో ఆ స్తంభాల మధ్య కూర్చుని చూడండి, గాలి ఎటునుంచి ఎటు పోతుందో తెలుస్తుంది. నాకు చిన్నప్పుడు అది పరాయి గుడి అనిపించకపోవడానికి కారణం బహుశా అదే.

మున్నేటి ఒడ్డు | డిసెంబర్ 10

కట్టడం విషయంలో మా ఇంట్లో అభిప్రాయభేదం ఉండేదని చెప్పాలి. మా పెదనాన్న గారికి ఆ మీనార్లు నచ్చేవి కావు. ‘మనం విడిచి వచ్చిన వాటిని మళ్లీ ఎందుకు పట్టుకోవాలి’ అనేవారు. వారి మాటను తోసిపుచ్చలేను, ఎందుకంటే పాత గుళ్ల గుమ్మం బయట నిలబడవలసి వచ్చిన తరం వారిది. ఆ రాతి స్తంభాల వెనుక ఆయనకు అందం కన్నా ముందు ఆ గుమ్మం కనబడేది. బిషప్పు గారు అదే స్తంభాల లోపలికి, బలిపీఠం దాకా, ఆయన లాంటి వారిని నడిపించారు కదా అని నేను వాదించేవాణ్ణి. మేమిద్దరం చివరిదాకా ఒప్పుకోలేదు. పిల్లలకు ఈ రెండు మాటలూ చెప్పండి. వారే ఆలోచించుకుంటారు.

ఇంకొక విషయం, ఇది నా మనసులో చాలాకాలంగా ఉన్నది. డోర్నకల్ అధ్యక్ష మండలంలో సంఘం పెరిగినది మాల పల్లెల్లో, మాదిగ పల్లెల్లో. మనుషులు ఒక్కొక్కరుగా కాక, పల్లెకు పల్లె కదిలి వచ్చారు. బాప్తిస్మానికి ముందు నెలల తరబడి బోధ, తాగుడు మానడం, ఆదివారం పాటించడం, పిల్లల్ని బడికి పంపడం, ఇవన్నీ షరతులు. బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తల మీద పెట్టుకుని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణనీ, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అనీ పలికే పద్ధతిని అజరయ్య గారు అలవాటు చేశారు. అక్షరం రాని మనిషి చేత పలికించిన సాక్ష్యం అది.

కానీ రెండు పల్లెల మధ్య ఉన్న గోడ ఒక్క బాప్తిస్మంతో పోలేదు. నేను చిన్నప్పుడు చూసిన ఒక పల్లె గుడిలో (ఊరి పేరు చెప్పను) రెండు వైపుల వారు రెండు వైపులా కూర్చునేవారు. ప్రభు భోజనంలో ఒకే గిన్నెలోంచి తాగవలసి వచ్చినప్పుడు కొందరు చివరి వరసకు జరిగేవారు. ఆ సంగతిని అజరయ్య గారు తేలికగా తీసుకోలేదు, సంఘంలో కులానికి చోటు లేదని చెబుతూనే ఉన్నారు. 1910లో ఎడిన్‌బర్గ్ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీలను ఉద్దేశించి, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగిన మనిషి ఆయన. ఆ అడిగినది దొరల్ని మాత్రమే కాదనీ, పక్క పల్లె వాడితో ఒకే బంతిలో కూర్చోమని మనల్నీ అడిగినట్టేననీ నేను నమ్ముతాను. కోత పండుగ విందులో అందరం కలిసి తిన్న రోజు మా నాన్న ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను.

ఎర్రమట్టి దారి | డిసెంబర్ 11

అన్నా, ఇది చదివి నేనూ చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పన్నెండేళ్ల పిల్లలకు దీన్ని ఎలా చెప్పాలో ఆలోచిస్తాను కానీ, చెప్పకుండా మాత్రం వదలను.

కోత పండుగ సంగతి ఎవరైనా ఇంకొంచెం రాస్తారా? మా పిల్లలకు పండుగ అంటే స్టాళ్లు, బిర్యానీ పొట్లాలు.

కీర్తనల పెట్టె | డిసెంబర్ 11

వరి ఇంటికి చేరాక వచ్చే పండుగ. తొలి పనను విడిగా కట్టి ఉంచేవాళ్లం. కందులు, మిరపకాయలు, గుమ్మడికాయ, కోడి, మేకపిల్ల, ఎవరి దగ్గర ఉన్నది వారు పాటలు పాడుకుంటూ మోసుకొచ్చేవారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం. ఒక కోడిని ఒకరు పాడుకుని, డబ్బు కట్టి, ఆ కోడిని మళ్లీ దేవుడికే ఇచ్చేస్తారు. అది రెండోసారి వేలానికి వస్తుంది. ఒకే కోడి మూడు నాలుగు చేతులు మారిన సందర్భాలున్నాయి. కొనలేని ముసలమ్మ తెచ్చిన రెండు గుడ్లను ఊరి పెద్ద ఎక్కువ ధరకు పాడుకోవడంలో పోటీ ఉండేది. ఆమె ఆ ధర విని తల ఎత్తుకుని ఇంటికి వెళ్లేది.

నంద్యాల గంట | డిసెంబర్ 12

మాది పాత డోర్నకల్ అధ్యక్ష మండలంలోని దక్షిణపు కొస. మా సంగతి కూడా ఒక వాక్యంలోనైనా చేర్చమని వేడుకుంటున్నాను. 1947లో అందరూ ఏకమైనప్పుడు మా నంద్యాల ఆంగ్లికన్లలో ఎక్కువమంది చేరలేదు. మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ గురువులను బిషప్పు చేతి అభిషేకం లేకుండానే అంగీకరించడం మావారికి మింగుడుపడలేదు. కొత్తగా వచ్చే గురువులందరికీ బిషప్పులే అభిషేకం చేస్తారనీ, 30 ఏళ్లు గడువుగా చూద్దామనీ సీఎస్ఐ పెద్దలు చెప్పినా, తరతరాల ఆరాధన క్రమం చేజారిపోతుందన్న భయం మావారిది. తరువాత మేమూ కలిశాము. అయితే ఆ మధ్య కాలంలో ఒకే ఊళ్లో బంధువులు రెండు గుళ్లకు వెళ్లిన బాధ మా పెద్దలకు తెలుసు.

అజరయ్య గారు 1919లో ట్రాంక్విబార్ సమావేశం నుంచీ ఆ ఐక్యత కోసమే పాటుపడి, అది నెరవేరడానికి రెండేళ్ల ముందే కన్నుమూశారు. ఆయన ఇంకొన్నాళ్లు ఉంటే మా నంద్యాలను ఒప్పించి ఉండేవారని మా తాత అనేవారు.

వైరా కాలువ | డిసెంబర్ 12

మాస్టారు సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. అయితే ఒక సందేహం. 1947 తరువాత మనం ఆంగ్లికన్లమా కాదా? మా స్నేహితుడు కాదంటాడు.

పాత రిజిస్టరు | డిసెంబర్ 12

సీఎస్ఐ ఐక్య సంఘం. అదే సమయంలో ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో, అంటే ప్రపంచ ఆంగ్లికన్ సంఘాల కుటుంబంలో, సభ్య సంఘం కూడా. ఇంగ్లండు సంఘం తన పండుగల పట్టికలో జనవరి 2న అజరయ్య గారిని స్మరిస్తుంది. కాంటర్బరీ (ఇంగ్లండు సంఘపు ప్రధాన పీఠం) వైపు వారు మనల్ని తమ వారిగానే చూస్తారు, మనమూ వారిని వదల్లేదు. ఆరాధనలో మాత్రం 1950 నాటికే సీఎస్ఐ తన సొంత క్రమాన్ని తయారు చేసుకుంది. గురువు జనం వైపు తిరిగి ప్రభు భోజన సంస్కారం జరపడం, సమాధానాన్ని (శాంతిని) చేతుల మీదుగా వరసగా అందించడం అందులోనివే. రెండు అరచేతుల మధ్య పక్కవారి చేతులు తీసుకుని సమాధానం అందించే ఆ క్షణాన్ని పిల్లల చేత అక్కడే చేయించండి. మున్నేటి ఒడ్డు గారు రాసిన గోడ సంగతి చెప్పిన వెంటనే చేయిస్తే ఇంకా మంచిది.

బలిపీఠం పూలు | డిసెంబర్ 14

నేను ఇప్పుడు డోర్నకల్ సంఘంలోనే, స్త్రీల మైత్రిలో ఉన్నాను. మీరంతా పాత రోజుల గురించి రాశారు, చదివి సంతోషించాను. ఇప్పటి మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. మా ఇళ్లలో సగం మంది పిల్లలు హైదరాబాద్‌లోనో, ఇంకా దూరంలోనో ఉన్నారు. డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనకు వారు తిరిగి వస్తారు. రానివారు ఫోనులో చూస్తారు. గాయక బృందంలో పాత కీర్తనలు రాగంతో పాడగలిగినవారు తగ్గిపోయారు, కీబోర్డు మీద ఒకే తాళంలో అన్నీ సాగుతున్నాయి. కీబోర్డు వద్దని నేను అనను, నా మనవడే వాయిస్తాడు. అయితే చరణాలు ఏడు ఉంటే మూడు పాడి ఆపేయడం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే చదువు రాని మా అమ్మమ్మ వాక్యమంతా ఆ చరణాల్లోనే నేర్చుకుంది.

మీ పిల్లలు వచ్చినప్పుడు ఒక పాత కీర్తన చరణాలన్నీ నేర్చుకుని రండి. మేము నలుగురం ఆడవాళ్లం వచ్చి కలిసి పాడతాం. అజరయ్య గారి సమాధి దగ్గర పాడితే బాగుంటుంది. బియ్యం ముంత కూడా తెస్తాను.

ఎర్రమట్టి దారి | డిసెంబర్ 15

అమ్మా, తప్పకుండా. నేను రాసిన ప్రతిని చించేశాను. తేదీలు ఒక కాగితం మీద అచ్చు వేసి పిల్లల చేతికి ఇస్తాను. ఇరవై నిమిషాల్లో ముంత, కోడి వేలం, తల మీద పెట్టుకున్న చేయి, రెండు వరసల గుడి, చివరికి సమాధానం అందించడం, ఇవే చెబుతాను. పిల్లలందరినీ ఇంటి నుంచి ఒక పిడికెడు బియ్యం తెమ్మన్నాను, వండే ముందు తీసినది మాత్రమే.

ఎర్రమట్టి దారి | జనవరి 7

వెళ్లి వచ్చాము. మీనార్లు చూసి పిల్లలు మసీదా అని అడుగుతారని రైల్వే క్వార్టర్స్ గారు అన్నట్టే అడిగారు. కీర్తన ఏడు చరణాలూ పాడాము. ఐదో చరణంలో మా పిల్లలు తడబడితే అమ్మలు అందుకుని నడిపించారు. మున్నేటి ఒడ్డు అన్న రాసినది పేర్లు లేకుండా చెప్పాను, ఎవరూ కదలలేదు.

బియ్యం పోశాక ఏడో తరగతి అబ్బాయి ఒకడు, ‘టీచర్, ఆ రోజుల్లో ఈ బియ్యం చివరికి ఎవరు తిన్నారు?’ అని అడిగాడు. ఉపదేశి కుటుంబమని చెప్పాను. ‘ఇంకెవరు?’ అన్నాడు. నాకు చెప్పడానికి లేకపోయింది.

పాత రిజిస్టరు | జనవరి 7

ఆ బాబుకు నా మాటగా చెప్పండి అమ్మా. మా తాతగారి ఇంట్లో ఆదివారం సాయంత్రం ఆ బియ్యాన్ని మూడు కుప్పలు పోసేవారు. ఒకటి తమకు. ఒకటి పల్లెలోని విధవరాళ్లకు, మంచం పట్టినవారికి. మూడో కుప్పను అమ్మి, ఆ డబ్బును ఇంకా గుడి లేని పక్క ఊరికి పంపేవారు. రెండో కుప్పను పంచే పని చిన్నపిల్లలది. మా నాన్నగారు ఎనిమిదేళ్ల వయసులో ఆ సంచి మోసుకుని గడప గడపకూ తిరిగారు. ఏ ఇంటి ముందు దగ్గు వినబడితే అక్కడ ఇంకో గిద్దెడు ఎక్కువ పోయమని తాతగారు ఆయనకు చెప్పి పంపేవారట.